పిలిస్తే పెట్టాలి

మరియదాసు తన బాతుల్ని "ఆవే... ఆవే... ఆవే..." అని పిలిచేవాడు. చర్చిలో లాటినులో చెప్పే 'ఆవే మరియ' జపంలో ఆయన నోటికి పట్టుబడిన ముక్క అదొక్కటే. దేవమాతకి పెట్టే దణ్ణం బాతులకి పెడతావా అని ఒకసారి ఫాదరుగారు కేకలేస్తే, "మరియ దాకా పోవట్లేదు కదా స్వామీ, ఆవే దగ్గరే ఆగిపోతన్నా" అన్నాడట. ఉయ్యూరు చుట్టుపక్కల రైతులకి ఈ గొడవేమీ తెలియదు. వాళ్ళకి తెలిసిన తెలుగులో ఆవే అంటే ఆవే. "ఏరా దాసూ, అవి ఆవులు కావురా, బాతులు! కళ్ళు మందగించాయా?" అని గట్టు మీంచి నవ్వేవారు. బాతులకి మాత్రం ఆ మాట చెవినపడితే చాలు, ఎక్కడ ముక్కు పెట్టినవి అక్కడ వదిలేసి, మెడలు చాచుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి.

బాతులు మేపే ప్రతివాడికీ ఒక పిలుపు ఉంటుంది. ఒకడు నాలుక మడిచి ఈల వేస్తాడు, ఇంకొకడు రేకుడబ్బా వాయిస్తాడు. రెండు మందలు కలగాపులగం అయిపోయినా, ఎవడి పిలుపు వాడు పిలుచుకుంటే ఎవడి బాతులు వాడి వెనక పోతాయి. అందుకని మరియదాసు ఇద్దరు కొడుకులకీ చిన్నప్పటినుంచీ నూరిపోసింది ఇదే: తిండి లేని చోటికి బాతుని పిలవకూడదు. పిలిస్తే పెట్టాలి. రెండుసార్లు ఉత్తుత్తినే పిలిచావంటే మూడోసారి అది నీ మొహం చూడదు. దాని వెంటే ఇంకో మాట కూడా చెప్పేవాడు. ఒకే పిలుపు ఉన్న రెండు మందలు ఒకే కాలవ మీద ఉండకూడదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా.

ఆ రెండో మాట వల్లే తండ్రి పోయాక అన్నదమ్ములు విడిపోవాల్సి వచ్చింది. మందని చెరిసగం పంచుకున్నారు గాని, పిలుపుని పంచుకోవటం ఎలా? గుర్తుకోసం బాతు కుడికాలి వేళ్ళమధ్య పొర మీద తండ్రి పెట్టే గాటు కూడా ఇద్దరిదీ ఒకటే. ఎవరో ఒకరు దూరం పోవాలి. పెద్దవాడు కాబట్టి ముందు శౌరయ్య కోరుకున్నాడు, ఉయ్యూరు వైపు కోరుకున్నాడు. ఇక్కడ బెజవాడ బస్సు ఇంటిముందు ఆగుతుంది. గంపలో గడ్డి పరిచి గుడ్లు ఎక్కిస్తే ఎండెక్కేలోగా గవర్నర్‌పేటలో దిగుతాయి. చిన్నవాడు అంతోని తన వాటా బాతుల్ని కాలవ గట్టున తోలుకుంటూ దివి వైపు, సముద్రం వైపు, దిగిపోయాడు. అన్నదమ్ములిద్దరూ ఏడాదికోసారి క్రిస్మసుకి కలుసుకుని, ఒకే కంచంలో తిన్నంత ప్రేమగా మాట్లాడుకుని, మళ్ళీ ఎవరి కాలవకి వాళ్ళు పోయేవారు. ఎనిమిదేళ్ళు అలా జరిగిపోయింది.

డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది.

క్రిస్మసుకి నాలుగు రోజుల ముందు అంతోని కాలవ గట్టున నడిచి వచ్చాడు. ఏడు వందల బాతులున్నవాడి ముందు రెండు వందలు నడుస్తున్నాయి. పెళ్ళాం తెరేసమ్మని గుడివాడలో వాళ్ళ అక్క దగ్గర దింపి వచ్చానన్నాడు. ఇల్లు లేదు, గుడ్ల గంపలు లేవు, ఒంటిమీద ఉన్న చొక్కా ఎవరో పంచిపెట్టింది. శౌరయ్య తమ్ముణ్ణి కావలించుకుని భోరున ఏడ్చాడు. ఆ ఏడుపులో అబద్ధం ఏమీ లేదు. బస్తాలోంచి పది మానికల బియ్యం కొలిచి ఇచ్చాడు, కొత్త దుప్పటి ఇచ్చాడు, తన చెప్పులు విప్పి ఇచ్చాడు. అన్నీ ఇచ్చి, చివర్న అన్నాడు:

"ఇక్కడ మాత్రం కుదరదురా. నాన్న మాట నీకూ తెలుసుగా."

"తెలుసన్నా," అన్నాడు అంతోని. పండగ మర్నాడు బాతుల్ని తోలుకుని పామర్రు వైపు పోయాడు.

ఇందులో శౌరయ్యది దుర్మార్గం అనటానికి లేదు. బియ్యం ఇవ్వటం వేరు, చేను ఇవ్వటం వేరు. కోతలయ్యాక మడిలో రాలిన గింజే బాతుకి ఏడాది మొత్తంలో దొరికే పెద్ద పండగ. ఆ గింజ తిన్నన్నాళ్ళూ గుడ్డు తప్పదు. అది కాస్తా అయిపోతే కాలవలో నత్తలు ఏరుకోవాలి, కాలవ కట్టేస్తే అవీ ఉండవు. మాడిన బాతు ఈకలు రాల్చేసి కూర్చుంటుంది. మళ్ళీ గుడ్డు పెట్టాలంటే రెండు నెలలు. అయినా, చేలకేం తక్కువ, కృష్ణా జిల్లా అంతా చేలే కదా అనుకుంటారు తెలియనివాళ్ళు. రైతులు వరి కోయకముందే అందులో మినుము చల్లేస్తారు. వరి కోసేసరికి కిందనుంచి మినుము మొలకలు తల ఎత్తి చూస్తుంటాయి. ఆ చేలో బాతు కాలు పెట్టిందంటే రైతు బాతు కాలూ విరుస్తాడు, బాతులవాడి కాలూ విరుస్తాడు.

ఆ ఏడాది ఉయ్యూరు వైపు మినుము చల్లని చేను ఒక్కటే మిగిలింది. బసవపున్నయ్యగారి ముప్ఫై ఎకరాలు. గాలివానకి అక్కడ వరి పడిపోయి, నీళ్ళు నిలిచిపోయి, మినుము చల్లే అదను దాటిపోయింది. రైతుకి అది నష్టమే. పడిపోయిన వరి కాబట్టి గింజ మామూలు కంటే రెట్టింపు రాలింది. బాతులకి అది విందు. చేనులో మంద కడితే బాతురెట్ట ఎరువవుతుందని ఏటా ఆ చేను శౌరయ్యకే ఇస్తాడు బసవపున్నయ్య. శౌరయ్య గట్టు మీద నిలబడి, చేతినిండా బురద తీసి, అందులో గింజలు చూసి లెక్క వేసుకున్నాడు. అయిదు వందల పన్నెండు బాతులకి నలభై రోజులు. ఆ లెక్క పెళ్ళాం మణెమ్మకి చెబితే ఆవిడ కూడా అవునంది. మణెమ్మ అవునన్న లెక్క తప్పిన రోజు లేదు.

జనవరి రెండో వారంలో ఒకనాడు పొద్దున్నే దడి విప్పి బాతుల్ని చేలోకి వదిలి చూసేసరికి, తూర్పు చివర, కాలవ పక్క పొలం చెక్కలో తెల్లగా, గోధుమరంగుగా ఏదో కదులుతోంది. శౌరయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. బాతులు. వాటి వెనక పొడుగాటి వెదురుకర్ర పట్టుకుని, తను ఇచ్చిన దుప్పటి కప్పుకుని తమ్ముడు.

శౌరయ్యకి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా బసవపున్నయ్య ఇంటికి పోయాడు. ఆయన అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. మంచివాడే. అడిగినవాడికల్లా సరే అనటం ఒక్కటే ఆయనలో ఉన్న ఇబ్బంది.

"ఏరా శౌరీ, మీ తమ్ముడొచ్చాడ్రా నిన్న. పామర్రు అవతల ఎక్కడికెళ్ళినా దివి నుంచి వచ్చిన మందలేనంట. ఎక్కడా అడుగు పెట్టనివ్వలేదంట. తూర్పు చెక్క అడిగాడు. మీ అన్న మేపుతున్నాడుగా, మీరూ మీరూ చూసుకోండన్నాను," అన్నాడు వేపపుల్ల నములుతూ.

"మా పిలుపు ఒకటే బాబుగారూ. ఒక చేలో పనికిరాదు."

"ఆవేనా?" బసవపున్నయ్య నవ్వాడు. "ఆవులైతే ముప్ఫై ఎకరాలు చాలవు గాని, బాతులకేంరా!"

నవ్వేవాడితో ఏం మాట్లాడతాం? శౌరయ్య వచ్చేశాడు. ఆ రోజు మధ్యాహ్నం మణెమ్మ వేళ్ళు ముడిచి లెక్క చెప్పింది. "ఏడు వందల పైచిలుకు నోళ్ళయ్యా. నలభై రోజుల మేత ఇరవై తొమ్మిదికి వస్తది. ఒక్కరోజు ఎక్కువ రాదు." అని ఊరుకుంది. తరిమెయ్యమనీ అనలేదు, ఉండనివ్వమనీ అనలేదు. అలా ఊరుకోవటం శౌరయ్యకి ఇంకా చిరాకు తెప్పించింది.

నాలుగు రోజులు గడిచాయి. అన్న పడమటి చివర, తమ్ముడు తూర్పు చివర. మధ్యలో ఒక పెద్ద గట్టు. ఇద్దరికీ మాటల్లేవు. అంతోని గట్టు దాటి ఒక్క బాతుని రానివ్వలేదు, అది ఒప్పుకోవాలి. పొద్దంతా కర్ర పట్టుకుని ఆ కొసనుంచి ఈ కొసకి, ఈ కొసనుంచి ఆ కొసకి తిరుగుతూనే ఉన్నాడు. కానీ ఒక్కసారి కూడా నోరు తెరిచి పిలవలేదు. సాయంత్రం దడిలోకి తోలేటప్పుడు కూడా మూగవాడిలా కర్రతోనే అదిలిస్తున్నాడు. ఒక్కొక్క బాతునీ చుట్టూ తిరిగి తోలుకొచ్చేసరికి గంట పట్టేది. శౌరయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు, చూసి తనకి నచ్చిన అర్థం తీసుకున్నాడు. పిలవకుండా మేపుతున్నాడంటే దొంగమేత మేపుతున్నట్టే. పిలిస్తే నాకు వినపడుతుందని, నాన్న మాట గుర్తుకొస్తుందని, నోరు కట్టుకుని తింటున్నాడు.

అయిదో రోజు తెల్లారి దడిలో గుడ్లు ఏరితే ఎప్పుడూ ఉండేవాటికి ముప్ఫై తగ్గాయి. చలి ఎక్కువైతే బాతు గుడ్డు తగ్గించటం మామూలే. అది శౌరయ్యకి తెలుసు. తెలిసినా, కోపం వచ్చినవాడికి కారణం కావాలి గాని లెక్క అక్కర్లేదు. కర్ర భుజాన వేసుకుని, లుంగీ ఎగ్గట్టి, చేనుకి అడ్డంగా పడి తూర్పు గట్టు వైపు నడిచాడు.

"ఏరా! చేను నీ అత్తగారిచ్చిందా?" అని గట్టు ఎక్కుతూనే మొదలుపెట్టాడు. "పండగనాడు చెప్పానా లేదా? చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

అంతోని లేచి నిలబడ్డాడు. "చెప్పావన్నా."

"మరి ఎందుకొచ్చావు?"

"ఎక్కడికీ పోనివ్వలేదన్నా. ఉంగుటూరు దగ్గర రాళ్ళేశారు."

"అందుకని నా నోటికాడ కూడు లాక్కుంటావా? పుట్టినప్పుడు అన్నదమ్ములు, పెరిగాక దాయాదులని ఊరికే అన్నారంట్రా! నాలుగు రోజులు, నాలుగంటే నాలుగు రోజులు చూశాను, నీ అంతట నువ్వే పోతావని. తీ! తోలుకో నీ మందని!"

అంతోని అన్న మొహం వైపు కాకుండా అన్న వెనక్కి చూస్తున్నాడు. "అన్నా," అన్నాడు మెల్లిగా, "నీ ఎనకమాల."

శౌరయ్య వెనక్కి తిరిగాడు. అయిదు వందల పన్నెండు బాతులూ గట్టెక్కి వస్తున్నాయి. పొద్దున్నే కర్ర భుజాన వేసుకుని యజమాని విసురుగా నడిచాడంటే కొత్త మేతకి తీసుకుపోతున్నాడని వాటికి అర్థం. తగువుకి సాయం వచ్చినట్టు బారులు తీరి వచ్చి, శౌరయ్య కాళ్ళ పక్కనుంచి దిగి, తూర్పు చెక్కలో అంతోని బాతుల మధ్యలో కలిసిపోయాయి. ఓయ్ ఓయ్ అని శౌరయ్య కర్ర అడ్డం పెట్టేలోపల అంతా అయిపోయింది. ఏడు వందల బాతులు, ఒకే రంగులు, ఒకే గాటు, అన్నీ బురదలో ముక్కులు పెట్టి గింజలు ఏరుకుంటున్నాయి.

ఈ గందరగోళం కాలవ అవతల్నుంచి చూసి బసవపున్నయ్య గొడుగు వేసుకుని వచ్చాడు. వచ్చి, సమస్య విని, తీర్పు కూడా అప్పటికప్పుడే చెప్పేశాడు.

"ఇందులో ఏముందిరా? నీవి అయిదు వందల పన్నెండు, వాడివి రెండు వందలు. వరసగా లెక్కపెట్టి పంచుకోండి."

శౌరయ్య ఆ లెక్క మనసులో వేసి చూసుకున్నాడు. తనవి గింజ తిని బలిసి గుడ్డు పెడుతున్న బాతులు. తమ్ముడివి రెండు నెలల నుంచి గట్లు పట్టుకుని తిరిగి ఎముకలు తేలినవి, గుడ్డు ఎప్పుడో మానేసినవి. వరసగా లెక్కపెడితే తన గుడ్ల బాతులు నూటయాభై అటు పోతాయి, ఆ ఎండుబాతులు ఇటు వస్తాయి. పట్టి చూసి ఏరుకుందామంటే ఏడు వందల బాతుల్ని ఒక్కొక్కదాన్నీ పట్టటం ఎవడి తరం? పట్టిన బాతు బెదిరి వారంరోజులు గుడ్డు పెట్టదు.

"పిలువన్నా," అన్నాడు అంతోని. "నీవి వస్తాయి."

"నీవీ వస్తాయి! ఒకటే పిలుపుగా!"

"నావి రావన్నా."

"ఏం, చెవుడొచ్చిందా వాటికి?" అన్నాడు శౌరయ్య వెటకారంగా. "పిలిస్తే మొత్తం నా ఎనక వస్తే, అన్న నా బాతుల్ని తోలుకుపోయాడని రేపు నువ్వే పెద్దమనుషుల్ని తెస్తావు. నాకు తెలియదంట్రా నీ సంగతి?"

"రావు. పిలిచి చూడు."

చేసేదేమీ కనపడక శౌరయ్య ఒప్పుకున్నాడు. అంత కోపంలోనూ తండ్రి మాట మాత్రం దాటలేదు. మణెమ్మని కేకేసి తవుడు గంప తెప్పించాడు. పడమటి మడిలో గట్టుకి ఆనించి తవుడంతా పొడుగ్గా పోశాడు. తర్వాత చేతులు నోటి చుట్టూ పెట్టుకుని పిలిచాడు.

"ఆవే... ఆవే... ఆవే..."

తూర్పు చెక్కలో తలలు లేచాయి. మెడలు చాచుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ, గట్టెక్కి దిగి వచ్చాయి. గింజలున్న బురద వదిలేసి మరీ వచ్చాయి. మణెమ్మ గట్టు మీద నిలబడి జతలు జతలుగా లెక్కపెట్టింది. అయిదు వందల తొమ్మిది. "ఆ మూడూ ఎప్పుడూ రావు, మొండి ముండలు," అంది.

అవతల రెండు వందల బాతులు ఉన్నచోటే ఉన్నాయి. తల ఎత్తలేదు. శౌరయ్య ఇంకోసారి పిలిచాడు, ఇంకాస్త గట్టిగా. బసవపున్నయ్య గొడుగు ముడిచి ఆశ్చర్యంగా చూశాడు. రెండు వందల ముక్కులు బురదలో టకటకా ఆడుతూనే ఉన్నాయి. నాన్న పిలుపు వినపడి కూడా తల ఎత్తని బాతుని శౌరయ్య పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఏం చేశావురా వాటిని?" అన్నాడు.

అంతోని గట్టు మీద కూలబడ్డాడు.

"ఆ శనివారం గాలి పెరుగుతుంటే, ఎగిరిపోతాయని భయమేసి పిలిచానన్నా. చీకటి పడబోతంది. తవుడు కూడా లేదు. ఉత్తినే పిలిచా. అయిదు వందల దాకా వచ్చాయి. దడిలో పెట్టి పైన వల కప్పి నాలుగు వైపులా మేకులు కొట్టా. మిగతావి తుంగలో ఉండిపోయాయి. వినపడలేదో, వినపడినా రాలేదో తెలీదు. చీకట్లో ఎక్కడ ఎతకను, పోతే పోనీ అనుకున్నా. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తున వచ్చాయి. మేం చర్చి మీదకెక్కాం. మూడో రోజు దిగి చూస్తే, వల అట్నే ఉంది. మేకులు కూడా ఊడలేదన్నా. గట్టిగా కొట్టా. తుంగలో ఉన్నవి నీళ్ళమీద తేలుకుంటా పోయి మూడు మైళ్ళ అవతల కాలవ గట్టుకి చేరాయి. ఇయ్యే అవి."

అంతోని చూపు ఆ రెండు వందల బాతుల మీదే ఉంది.

"పిలిస్తే వచ్చినవన్నీ పోయాయి. రానివి బతికాయి. నాన్న పిలిస్తే పెట్టాలన్నాడు. పిలిచి నేనేం పెట్టానన్నా వాటికి? నీళ్ళు పెట్టా." అంతోని దుప్పటి కొసతో మొహం తుడుచుకున్నాడు. "ఆ తర్వాత నోట్లోకి ఆ మాట రావట్లా. అందుకే కర్రతో తోలుకుంటన్నా."

బసవపున్నయ్య ఎప్పుడు గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడో శౌరయ్య గమనించలేదు. గట్టు దిగి తన మందలోకి పోయాడు. బాతులు తవుడు ఊడ్చేసి, ఇంకా ఏమైనా ఉందేమోనని అతని కాళ్ళ చుట్టూ చేరాయి. ఎనిమిదేళ్ళ కిందట ఉయ్యూరు కోరుకున్నది తనే. ముందు కోరుకునే హక్కు పెద్దవాడిది కాబట్టి కోరుకున్నాడు. అందులో తప్పేమీ లేదు. తను దిగువకి పోయి ఉంటే ఆ శనివారం తనూ పిలిచేవాడు. తనకి తెలిసిన పిలుపు కూడా అదొక్కటే. తనైనా మేకులు గట్టిగానే కొట్టేవాడు.

మధ్యాహ్నమైంది. మణెమ్మ గట్టు మీద క్యారియరు విప్పి ఆకులో అన్నం, చేపల పులుసు పెట్టింది. శౌరయ్య ముద్ద కలిపి తల ఎత్తాడు. అవతల తూర్పు గట్టు మీద తమ్ముడు మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చునే ఉన్నాడు. మణెమ్మ చేత గిన్నెలో నాలుగు ముద్దలు పంపించవచ్చు. బియ్యం ఇచ్చాడు, దుప్పటి ఇచ్చాడు, చెప్పులిచ్చాడు. అది కూడా అలాగే ఇవ్వవచ్చు. ఇస్తే అక్కడితో సరి. పిలవటం అలా కాదు. పిలిస్తే ఈ పూటతో పోదు. ఆ సంగతి శౌరయ్యకి తెలుసు కాబట్టే, క్రిస్మసు నుంచి ఇంతవరకూ తమ్ముణ్ణి పేరు పెట్టి ఒక్కసారి పిలవలేదు.

చేతిలో ముద్ద ఆకులో పెట్టేసి లేచి నిలబడ్డాడు. ఎడమచెయ్యి నోటి పక్కన పెట్టుకున్నాడు. అది చూసి బాతులన్నీ తలలెత్తాయి.

"ఒరే అంతోనీ! రారా, అన్నం తిందువు!"

మణెమ్మ పులుసు గరిట పట్టుకుని అలాగే ఆగిపోయింది. పాతికేళ్ళ కాపురంలో ఆ ఇంటి పద్ధతి ఆవిడకి కొత్త కాదు. "ఇరవై తొమ్మిది రోజులేనయ్యా," అంది.

"తెలుసు," అన్నాడు శౌరయ్య.

అంతోని వెంటనే లేవలేదు. తననేనా అన్నట్టు ఇటు చూశాడు. తర్వాత కర్ర గట్టు మీద పెట్టి లేచాడు. గట్టు వెంట చుట్టూ తిరిగి రాకుండా, మోకాలి లోతు బురదలో పడి అడ్డంగా రావటం మొదలుపెట్టాడు. తమ్ముడు గట్టెక్కేదాకా శౌరయ్య నిలబడే ఉన్నాడు. మణెమ్మ ఇంకో ఆకు పరిచింది.